సాలిడ్ స్టేట్ ఫిజిక్స్‌లో చదువు, పరిశోధన, ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ చదివే పిల్లల దగ్గర్నుంచి పీహెచ్‌డీ ముగిస్తున్నవారి దాకా ఏటా అవే సందేహాలు వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఫెలోషిప్ మొత్తాలు, పరీక్ష విధానాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చూసుకోండి.

## ఇంటర్, డిగ్రీ దశ

సాలిడ్ స్టేట్ ఫిజిసిస్ట్ అంటే రోజూ చేసే పని ఏమిటి?

రాగిలో కరెంటు సులువుగా పోతుంది, గాజులో పోదు. ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది, అల్యూమినియం అంటుకోదు. సీసాన్ని 7.2 కెల్విన్ దాకా చల్లబరిస్తే దాని నిరోధం పూర్తిగా మాయమవుతుంది, అంటే అది సూపర్‌కండక్టర్ అవుతుంది. ఇలాంటి తేడాలు పరమాణువుల అమరిక నుంచి, ఎలక్ట్రాన్ల నడవడి నుంచి ఎలా వస్తున్నాయో తేల్చడమే పని. ఆచరణలో ఇది మూడు రకాలు: శాంపిల్ తయారుచేయడం, కొలవడం, లెక్క కట్టడం. ప్రయోగాలు చేసేవారికి పొద్దున ఫర్నేస్ తెరవడం, మధ్యాహ్నం ఎక్స్‌రే యంత్రం దగ్గర తమ వంతు, సాయంత్రం క్రయోస్టాట్ (శాంపిల్‌ను బాగా చల్లబరిచే పరికరం) చల్లబడుతుంటే గ్రాఫులు గీసుకోవడం, ఇలా రోజు గడుస్తుంది. ప్రవేశ ప్రకటనల్లో ఈ విభాగం ఎక్కువగా కండెన్స్‌డ్ మ్యాటర్ ఫిజిక్స్ అన్న పేరుతో ఉంటుంది, ఆ పేరుతోనే వెతకండి.

ఎంపీసీ అయిపోయింది. ఇంట్లో బీటెక్ అంటున్నారు. బీటెక్ చేసి తర్వాత ఫిజిక్స్‌లోకి రావచ్చా?

రావచ్చు. గేట్ ఫిజిక్స్ పేపర్, సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష) రెండూ బీటెక్ వాళ్లు రాయవచ్చు. ఇంజినీరింగ్ ఫిజిక్స్, మెటలర్జీ, ఎలక్ట్రానిక్స్ బ్రాంచీల నుంచి వచ్చేవారికి దారి కాస్త దగ్గర. ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ బీటెక్ ఉంది. బీటెక్‌లో దొరకనివి రెండు సబ్జెక్టులు, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్. మూడో ఏడాదిలోపు వీటిని సొంతంగా లెక్కలు చేస్తూ పూర్తి చేయకపోతే ఇంటర్వ్యూలో అక్కడే దొరికిపోతారు. మొదటి నుంచీ సైన్స్ మీదే మనసుంటే ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధనల జాతీయ సంస్థ) ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరడం సూటి దారి. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ నడుస్తోంది.

మా ఊరి డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అంతంత మాత్రమే. వెనకబడిపోతానా?

పరికరాలు తక్కువైనందుకు కాదు, ఉన్న ప్రయోగాలను రికార్డు రాయడానికే చేసినందుకు వెనకబడతారు. జర్మేనియం శక్తి అంతరం (బ్యాండ్ గ్యాప్) కొలిచే ప్రయోగం దాదాపు అన్ని కాలేజీల్లోనూ ఉంటుంది. దాన్ని వేడెక్కుతున్నప్పుడు ఒకసారి, చల్లారుతున్నప్పుడు ఒకసారి తీయండి. రెండు గీతలు కలవకపోతే థర్మామీటర్, స్ఫటికం ఒకే ఉష్ణోగ్రతలో లేవన్నమాట. ఈ ఒక్క విషయం గమనించినవాడికి పరిశోధనలో పనికొచ్చే పాఠం అబ్బినట్టే.

ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. పాత సీడీ మీద గాళ్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పాయింటర్‌ను దాని మీద నిటారుగా పడేలా పెడితే మొదటి వరుస చుక్క సుమారు 24 డిగ్రీల దగ్గర కనబడాలి. గోడ మీద దూరాలు కొలిచి గాళ్ల దూరాన్ని వెనక్కి లెక్కకట్టండి. స్ఫటికం మీద ఎక్స్‌రేలతో చేసేదీ సూత్రప్రాయంగా ఇదే. లేజర్ కాంతి, దాని ప్రతిఫలనం కంట్లో పడకుండా చూసుకోవాలి.

వేసవి సెలవులకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి, రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పనిచేసే అవకాశం అది. ఇంటర్ బోర్డులో పైస్థాయి 1 శాతంలో ఉండి సైన్స్ డిగ్రీలో చేరినవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 రూపాయలు అర్హత ఉంటుంది. మన విద్యార్థుల్లో చాలామంది దీని గురించి తెలియకే గడువు దాటబెట్టుకుంటున్నారు.

గణితం ఎంత వచ్చి ఉండాలి?

మాత్రికలు, ఐగెన్ విలువలు, ఫూరియే విశ్లేషణ, అవకలన సమీకరణాలు చేతివేళ్ల మీద ఉండాలి. సౌష్ఠవాలతో పని పడేవారికి గ్రూప్ థియరీ అదనం. 14 బ్రావే జాలకాలు, 32 పాయింట్ గ్రూపులు, 230 స్పేస్ గ్రూపులు అన్న అంకెలు బట్టీపడితే చాలదు, ఒక స్ఫటికానికి ఫలానా సౌష్ఠవం ఉంటే దాని ఏ ధర్మాలు సున్నా అవుతాయో చెప్పగలగాలి. ఈ పని తెలుగు నేల మీదే మొదటి వరుసలో జరిగింది. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తాడేపల్లి వేంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీని స్ఫటికాలకు, అణు కంపనాలకు అన్వయించారు. ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టరయ్యారు.

## ఎంఎస్సీ, ప్రవేశ పరీక్షలు

జామ్, సీయూఈటీ పీజీ, రాష్ట్ర పరీక్షలు... ఏది రాయాలి?

వీలైతే మూడూ. ఐఐటీల్లో ఎంఎస్సీకి, ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఉస్మానియా, కాకతీయలాంటి వాటికి సీపీగెట్, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వరలాంటి వాటికి ఏపీ పీజీసెట్. జామ్ పేపర్ 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. అందులో 20 ప్రశ్నలకు ఆప్షన్లుండవు, జవాబును అంకెల్లో టైప్ చేయాలి. వాటికి నెగటివ్ మార్కులు లేవు, అయినా మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది అవే. రోజూ ఐదు లెక్కలు చివరి అంకె దాకా చేసే అలవాటు ఉంటే ఈ భాగమే గట్టెక్కిస్తుంది.

నెట్‌లో సాలిడ్ స్టేట్ నుంచి ఏం వస్తాయి? ఎలా చదవాలి?

ఫిజికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు ఉంటుంది. పార్ట్ ఎ 30, పార్ట్ బి 70, పార్ట్ సి 100. కండెన్స్‌డ్ మ్యాటర్ సిలబస్ అడ్వాన్స్‌డ్ భాగంలో ఉంది కాబట్టి పార్ట్ సికి బాగా పనికొస్తుంది. అక్కడ ఒక్కో ప్రశ్నకు 5 మార్కులు, తప్పుకు పావు వంతు కోత.

తిరిగి తిరిగి వచ్చే రకాలు కొన్నే: రెసిప్రోకల్ జాలకం, స్ట్రక్చర్ ఫ్యాక్టర్ ఏ ప్రతిబింబాలకు సున్నా అవుతుంది, ఒక దిశలో రెండు పరమాణువుల గొలుసు కంపనాలు, డిబై ఉష్ణధారణ, టైట్ బైండింగ్ నుంచి ఎఫెక్టివ్ మాస్, హాల్ గుణకం, సూపర్‌కండక్టర్ల క్రిటికల్ ఫీల్డ్. ఎక్కువమంది తప్పు చేసేది ఒకేచోట. ముఖకేంద్రిత ఘనంలో నాలుగు పరమాణువులున్న పెద్ద కణాన్ని తీసుకుంటారు, బ్రిల్వాన్ జోన్ మాత్రం ఒక పరమాణువున్న చిన్న కణానిది వాడతారు. ఎలక్ట్రాన్ల లెక్క నాలుగు రెట్లు తేడా వస్తుంది. ప్రతి లెక్క మొదట్లో ఏ కణం తీసుకున్నారో ఒక ముక్క రాసుకుంటే ఈ పొరపాటు పోతుంది.

జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. ఇక పీహెచ్‌డీ లేనట్టేనా?

కాదు. జెస్ట్ (పరిశోధన సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) స్కోరుతో చాలా పరిశోధన సంస్థలు ఇంటర్వ్యూకు పిలుస్తాయి. టీఐఎఫ్ఆర్‌కు (టాటా పరిశోధన సంస్థ) సొంత పరీక్ష ఉంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐటీలు, ఎన్ఐటీలు దాన్ని తీసుకుంటాయి. 2024 నుంచి నెట్‌లో జేఆర్ఎఫ్ కింద కటాఫ్ వచ్చినవారికీ పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఇస్తున్నారు. ప్రొఫెసర్ల ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్ పోస్టులు కూడా పడుతుంటాయి. వీటిలో చేరేముందు ఒక్కటి అడగండి, ప్రాజెక్టు ఇంకా ఎన్ని నెలలుంది? మూడేళ్ల ప్రాజెక్టులో రెండేళ్లు అయిపోయాక చేరితే ఏడాది తర్వాత జీతం ఎక్కడినుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి.

సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. గ్రాంటు ఆలస్యమై రెండు మూడు నెలల డబ్బు ఒకేసారి పడటం మామూలే, కాబట్టి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

## గైడ్, ల్యాబ్ ఎంపిక

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగంలో మంచి ల్యాబ్‌లు ఎక్కడున్నాయి?

హైదరాబాద్‌లోనే చాలా ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ ఫిజిక్స్, ఐఐటీ హైదరాబాద్, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ కేంద్రం, కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం). చివరి రెండూ లోహాలు, అయస్కాంతాలు, పూతల మీద వాడుకకు దగ్గరి పని చేస్తాయి. వరంగల్ ఎన్ఐటీ, తిరుపతిలో ఐఐటీ, ఐసర్, ఎస్వీయూ, విశాఖలో ఏయూ ఉన్నాయి. బయట బెంగళూరులో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్ఆర్, ముంబై టీఐఎఫ్ఆర్, ఇందోర్ యూజీసీ-డీఏఈ కేంద్రం (యూజీసీ, అణుశక్తి శాఖల ఉమ్మడి పరిశోధన కేంద్రం), కల్పాక్కం ఐజీకార్ (ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం).

సంస్థ పేరు చూడాలా, గైడ్‌ను చూడాలా? చేరేముందు ఏం అడగాలి?

గైడ్‌ను, ఆయన ల్యాబ్‌లో పనిచేస్తున్న పరికరాన్ని చూడాలి. ఐదేళ్లలో ఏం సాధిస్తారన్నది సంస్థ బోర్డు కంటే మీ చేతికి వారంలో ఎన్ని గంటలు కొలత యంత్రం అందుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పెద్ద సంస్థలో యంత్రం కోసం రెండు నెలలు క్యూలో ఉండేవాడికంటే చిన్న యూనివర్సిటీలో సొంత క్రయోస్టాట్ ఉన్నవాడు ముందు థీసిస్ రాయడం మామూలుగా జరిగేదే.

గైడ్‌తో మాట్లాడకముందే ఆయన దగ్గర మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న విద్యార్థితో ఒక గంట కూర్చోండి. శాంపిళ్లు ఇక్కడే చేస్తారా, బయటనుంచి వస్తాయా? యంత్రం గత ఏడాదిలో ఎన్ని నెలలు చెడిపోయి ఉంది, బాగుచేయడానికి డబ్బు ఉందా? గత ఐదుగురు విద్యార్థులు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? పేపరులో మొదటి పేరు పనిచేసినవాడిదేనా? రాసి పంపిన డ్రాఫ్ట్ గైడ్ దగ్గర ఎంతకాలం ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది. ఆరునెలలు అంటే బాగా ఆలోచించుకోండి.

ఇంకొక జాగ్రత్త. గైడ్ రిటైర్మెంట్ ఏడాది కనుక్కోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మధ్యలో గైడ్ రిటైరైతే కో-గైడ్ ఎవరో చేరేరోజే కాగితం మీద ఉండాలి.

సిద్ధాంతమా, ప్రయోగమా, కంప్యూటర్ లెక్కలా? ఏది ఎంచుకోవాలి?

పాడైన వాక్యూమ్ పంపును విప్పి బాగుచేయడంలో మీకు విసుగు రాకపోతే ప్రయోగం. ఒకే సమీకరణంతో నెల గడపగలిగితే సిద్ధాంతం. కంప్యూటేషన్‌కు ఖర్చు తక్కువ, పేపర్లు త్వరగా వస్తాయి, కోడింగ్ నైపుణ్యం బయట ఉద్యోగాలకూ పనికొస్తుంది. అయితే ఆ పని చేసేవారు ఎక్కువ కాబట్టి సాఫ్ట్‌వేర్ నడపడం ఒక్కటే వస్తే ఫ్యాకల్టీ ఇంటర్వ్యూల్లో నిలవడం కష్టం. ప్రయోగంలో మొదటి రెండేళ్లు చేతికి ఏమీ రానట్టు ఉంటుంది, కానీ యంత్రం నడపగలవాడి అవసరం ల్యాబ్‌లోనూ కంపెనీలోనూ ఎప్పుడూ ఉంటుంది.

అమెరికా, జర్మనీ వెళ్లి పీహెచ్‌డీ చేయాలంటే?

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీతో, లేదా ఎంఎస్సీ తర్వాత, నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టవచ్చు. ఎక్కువ గడువులు డిసెంబరులో ముగుస్తాయి, ఐదారేళ్లు పడుతుంది, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు, జీవనం గడుస్తాయి. ఫిజిక్స్‌లో ఫండింగ్ లేని పీహెచ్‌డీ ఆఫర్ వస్తే అప్పు చేసి చేరకండి. జర్మనీలో మాత్రం ఎంఎస్సీ కావాలి. అక్కడ చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగమే, మూడు నాలుగేళ్ల ఒప్పందం. అందరికీ ఒకే మెయిల్ పంపితే ఎవరూ చూడరు. ఆ గ్రూపు పేపర్ ఒకటి చదివి, అందులో మీరు చేయగలిగిన తర్వాతి కొలత ఏమిటో నాలుగు వాక్యాల్లో రాస్తే జవాబు వచ్చే అవకాశం ఉంటుంది.

## ల్యాబ్‌లో పని

మొదటి శాంపిల్ చేయమన్నారు. ఎక్కడ తప్పు పోతుంది?

మొదటి శాంపిల్‌గా ఎక్కువ ల్యాబ్‌లు యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ చేయిస్తాయి. ఇది 92 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది, కాబట్టి 77 కెల్విన్ ద్రవ నైట్రోజన్‌తోనే పరీక్షించవచ్చు. 10 గ్రాములకు కావలసినవి: యిట్రియం ఆక్సైడ్ 1.695 గ్రా., బేరియం కార్బొనేట్ 5.924 గ్రా., కాపర్ ఆక్సైడ్ 3.582 గ్రా. కలిపితే 11.2 గ్రా. అవుతుంది. కాల్చేటప్పుడు 1.3 గ్రా. పైగా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది.

మొదటి తప్పు తూకం దగ్గరే. యిట్రియం ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ముందుగా 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని పాత్ర) చల్లార్చి, వెంటనే తూచాలి. బేరియం కార్బొనేట్ విషం, గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోకండి.

అగేట్ మోర్టార్‌లో కనీసం అరగంట నూరాలి. అల్యూమినా క్రూసిబుల్‌లో 900 నుంచి 930 డిగ్రీల మధ్య 12 నుంచి 24 గంటలు కాల్చి, బయటికి తీసి, మళ్లీ నూరి, మళ్లీ కాల్చాలి. రెండు మూడు సార్లు ఇలా చేస్తేగానీ కార్బొనేట్ పూర్తిగా పోదు. పొడి నల్లగా ఉండాలి. అక్కడక్కడా ఆకుపచ్చ కనిపిస్తే వేరే సమ్మేళనం ఏర్పడిందన్నమాట. నిష్పత్తి తప్పి ఉండవచ్చు, లేదా ఫర్నేస్ మీటరు చూపించేదానికంటే లోపల వేడి ఎక్కువై ఉండవచ్చు. ఈ పదార్థం సుమారు 1010 డిగ్రీల దగ్గర కరిగి విడిపోతుంది, కాబట్టి ఫర్నేస్ థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) నమ్మేముందు విడిగా మరో థర్మోకపుల్‌తో సరిచూడండి.

పొడిని పెల్లెట్‌గా (బిళ్లగా) నొక్కి 940 డిగ్రీల దగ్గర సింటర్ చేశాక, అంటే గట్టిపడేలా కాల్చాక, అసలు పని మొదలవుతుంది. వేగంగా చల్లారిస్తే స్ఫటికంలోకి ఆక్సిజన్ చేరదు, మిగిలేది టెట్రాగోనల్ రూపం, అది సూపర్‌కండక్టర్ కాదు. ఆక్సిజన్ ప్రవాహంలో నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుతూ 450 డిగ్రీల దగ్గర 12 గంటలకు తక్కువ కాకుండా ఆపాలి. ఎక్స్‌రేలో పీక్‌లన్నీ ఇంచుమించు సరిపోయి, నైట్రోజన్‌లో మాత్రం అయస్కాంతం తేలలేదంటే మొదట అనుమానించాల్సింది ఈ ఆక్సిజన్ దశనే. పెల్లెట్‌ను పారేయొద్దు, తిరిగి ఆక్సిజన్‌లో అనీల్ చేస్తే (వేడిచేసి నెమ్మదిగా చల్లారిస్తే) చాలాసార్లు బాగవుతుంది.

ఎక్స్‌రేలో పీక్‌లు కొంచెం పక్కకు జరిగాయి. డోపింగ్ (వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం) వల్లనేనా?

అని తేల్చేముందు శాంపిల్ ఎత్తు చూడండి. 150 మి.మీ. వ్యాసార్థం ఉన్న డిఫ్రాక్టోమీటర్‌లో పొడి మట్టం 0.1 మి.మీ. తేడాగా ఉంటే తక్కువ కోణాల్లో పీక్ సుమారు 0.07 డిగ్రీలు జరుగుతుంది. కొద్దిపాటి డోపింగ్ వల్ల వచ్చే మార్పు కూడా అంతే ఉండవచ్చు. పొడిలో కాస్త సిలికాన్ కలపండి. రాగి కె-ఆల్ఫా కిరణానికి దాని మొదటి పీక్ 28.44 డిగ్రీల దగ్గర రావాలి. అది జరిగి ఉంటే ఎత్తు తప్పు, అది స్థిరంగా ఉండి మీ పీక్‌లే జరిగితే జాలకం మారినట్టు. మామూలు ల్యాబ్ యంత్రంలో రెండు మూడు శాతం లోపు ఉన్న మలిన సమ్మేళనం కనిపించకపోవచ్చు, కాబట్టి పీక్ లేనంత మాత్రాన శాంపిల్ శుద్ధమని పేపరులో రాయకండి.

రెసిస్టివిటీ కొలిస్తే విలువలు ఊగుతున్నాయి, ఒక్కోసారి నెగటివ్ వస్తోంది. ఎందుకు?

అంకెలు వేసి చూస్తే అర్థమవుతుంది. శాంపిల్ అడ్డుకోత ఒక చదరపు మి.మీ., ఓల్టేజ్ కాంటాక్టుల మధ్య దూరం 4 మి.మీ., రెసిస్టివిటీ 1 మిల్లీఓమ్-సెం.మీ. అనుకుందాం. అప్పుడు నిరోధం 0.04 ఓమ్. ఒక మిల్లీయాంపియర్ పంపితే వచ్చే ఓల్టేజ్ 40 మైక్రోఓల్టులు మాత్రమే. సిల్వర్ పేస్ట్ కాంటాక్టు ఒక్కొక్కటీ కొన్ని ఓమ్‌లు ఉంటుంది, అందుకే రెండు తీగలతో కొలిస్తే మీరు కొలిచేది పేస్ట్‌నే. బయటి రెండు తీగలతో కరెంటు, లోపలి రెండింటితో ఓల్టేజ్, ఇలా నాలుగు తీగలు తప్పనిసరి.

నాలుగు పెట్టినా, తీగల చివరల ఉష్ణోగ్రత తేడా వల్ల కొన్ని మైక్రోఓల్టుల థర్మో ఓల్టేజ్ కలుస్తుంది. ప్రతి ఉష్ణోగ్రత దగ్గర కరెంటు దిశ తిప్పి రెండు రీడింగుల తేడాలో సగం తీసుకోండి, అది రద్దవుతుంది. నెగటివ్ విలువలు ఎక్కువసార్లు దీనివల్లే. ఆ తర్వాత కరెంటు సగానికి తగ్గించి చూడండి. నిరోధం మారితే శాంపిల్ వేడెక్కుతోందనో కాంటాక్టు చెడిందనో అర్థం. ఒక కాంటాక్టు ఊడితే యంత్రం సున్నా దగ్గర శబ్దం (నాయిస్, అంటే అంకెల అర్థంలేని ఊగిసలాట) చూపిస్తుంది, దాన్ని సూపర్‌కండక్టివిటీ అనుకోవద్దు. సున్నా వచ్చిన ప్రతిసారీ వేడిచేసి తిరిగి రావాలి, అయస్కాంత ధర్మం కూడా కొలవాలి.

ద్రవ నైట్రోజన్, హీలియంతో ప్రమాదం ఎంత?

చర్మం కాలడం కంటే ఊపిరాడకపోవడం పెద్ద ప్రమాదం. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో 10 లీటర్లు ఒలికితే ఆక్సిజన్ 21 శాతం నుంచి 16 శాతం చేరువకు పడిపోతుంది. 19.5 శాతం కింద ఉన్నదాన్నే ప్రమాదంగా లెక్కేస్తారు. నైట్రోజన్‌కు వాసన లేదు, మనిషికి తెలియకుండానే సోలిపోతాడు. కిటికీలు తెరిచి పనిచేయండి, డీవార్‌ను (ద్రవ నైట్రోజన్ నింపే పాత్ర) లిఫ్టులో ఒంటరిగా పంపండి, దానితో మీరు ఎక్కకండి. మూత బిగుతుగా పెట్టిన డీవార్ పేలుతుంది.

హీలియం 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. మన దేశం దాన్ని దిగుమతి చేసుకుంటుంది కాబట్టి ధర ఎక్కువ, దొరకని నెలలూ ఉంటాయి. మీ థీసిస్ మొత్తం ద్రవ హీలియం మీదే ఆధారపడితే ల్యాబ్‌లో వాయువును తిరిగి పట్టే ఏర్పాటో క్లోజ్డ్ సైకిల్ కూలరో ఉందా అని మొదటి ఏడాదే చూసుకోండి.

డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల శక్తులను కంప్యూటర్‌తో కట్టే పద్ధతి) లెక్కలో బ్యాండ్ గ్యాప్ ప్రయోగంతో కలవడం లేదు. నా ఇన్‌పుట్ తప్పా?

కాకపోవచ్చు. సిలికాన్ అసలు గ్యాప్ 1.1 ఎలక్ట్రాన్ ఓల్టు పైచిలుకు, డీఎఫ్‌టీలో మామూలుగా వాడే పీబీఈ అనే సూత్రంతో లెక్క 0.6 చూపిస్తుంది. అది పద్ధతి లోపం. నికెల్ ఆక్సైడ్ లాంటి వాటిలో తేడా ఇంకా ఎక్కువ, అక్కడ హబ్బర్డ్ సవరణో హైబ్రిడ్ పద్ధతో కావాలి. కానీ ఆ మాట అనే హక్కు కన్వర్జెన్స్ (జవాబు స్థిరపడటం) చూశాకే వస్తుంది. కటాఫ్ శక్తి, కె-బిందువుల గ్రిడ్ రెండింటినీ విడివిడిగా పెంచుతూ మొత్తం శక్తి పరమాణువుకు 1 మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టు లోపు స్థిరపడేదాకా వెళ్లాలి. లోహాలకు గ్రిడ్ మరింత దట్టంగా ఉండాలి. ఈ లెక్కల సాఫ్ట్‌వేర్లలో క్వాంటమ్ ఎస్ప్రెసో ఉచితం, వాస్ప్‌కు గ్రూపు లైసెన్స్ కావాలి. పైరసీ కాపీతో చేసిన లెక్క పేపరులో పెట్టకండి.

మా ల్యాబ్‌లో లేని కొలతలు ఎక్కడ చేయించుకోవాలి?

ఇందోర్‌లో 2.5 జీఈవీ ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్‌రేలిచ్చే యంత్రం) ఉంది, న్యూట్రాన్లకు ట్రాంబేలో ధ్రువ రియాక్టర్. తక్కువ ఉష్ణోగ్రత, అధిక అయస్కాంత క్షేత్రాలకు యూజీసీ-డీఏఈ కేంద్రం యూనివర్సిటీ విద్యార్థుల కోసమే పనిచేస్తుంది. భారతీయులకు ఏర్పాట్లున్న విదేశీ కేంద్రాలు ఇటలీలో ఎలెట్రా, హాంబర్గ్‌లో పెట్రా-3. ప్రపోజల్‌లో చూసేది ఒక్కటే, ఈ ప్రశ్నకు మామూలు ల్యాబ్ యంత్రం ఎందుకు చాలదో మీరు చూపగలిగారా లేదా. మీ ల్యాబ్ ఎక్స్‌రే, మాగ్నెటైజేషన్ గ్రాఫులు జతచేయండి. బీమ్ 8 గంటల షిఫ్టులుగా ఇస్తారు, కాబట్టి ఏ శాంపిల్ ముందు, ఒకటి పోతే ఏది తర్వాత అని కాగితం మీద రాసుకునే వెళ్లండి.

ల్యాబ్ నోట్‌బుక్ చేత్తో రాయాలా? కంప్యూటర్‌లో ఫైళ్లు ఉంటే చాలదా?

రెండూ కావాలి. ఫైలులో అంకెలుంటాయి, ఆ రోజు కరెంటు పోయి మళ్లీ వచ్చిందన్న సంగతి ఉండదు. తేదీ, శాంపిల్ నంబరు, కాంటాక్టుల బొమ్మ, పంపిన కరెంటు, ఫైలు పేరు ప్రతి పేజీలో ఉండాలి. యంత్రం ఇచ్చిన ముడి ఫైలును ఎప్పుడూ మార్చకండి, కాపీ మీదే పని చేయండి. 2002లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు హెండ్రిక్ షోన్ మోసం బయటపడింది వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే శబ్దం కనబడటంతోనే. విచారణలో అడిగితే చూపడానికి ముడి డేటా లేదు.

2023లో ఎల్‌కె-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్ అన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. నిరోధం ఒక్కసారిగా పడిపోయింది నిజమే, కానీ అది శాంపిల్‌లో మిగిలిన కాపర్ సల్ఫైడ్ సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకోవడం వల్ల. శుద్ధమైన శాంపిల్ చేసి చూసినవారికి అది ఇన్సులేటర్‌గా తేలింది. మలినాన్ని వేరుగా చేసి కొలిచే ఓపిక ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మూడో ఏడాది అయింది, ఒక్క పేపరూ లేదు. ఏం చేయాలి?

ప్రయోగాల్లో ఇది అసాధారణం కాదు. శాంపిల్ కుదరలేదా, యంత్రం లేదా, లేక డేటా ఉండి రాయలేదా? మూడింటికి మందు వేరు. శాంపిల్ కుదరకపోతే ఆరునెలల గడువు పెట్టుకుని దగ్గరి సమ్మేళనానికి మారండి. యంత్రం లేకపోతే బయటి కేంద్రాలకు ఈ నెలలోనే దరఖాస్తు. డేటా ఉంటే ముందు నాలుగు బొమ్మలు గీయండి, వాటి కింద వివరణలు రాయండి, మిగతా పేపర్ వాటి చుట్టూ వస్తుంది. తొందరపడి వారంలో అచ్చేస్తామని డబ్బడిగే జర్నళ్లకు పంపకండి. ఆ పేపర్ తర్వాత ఇంటర్వ్యూలో మీకే అడ్డు.

పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి, పిల్లలు అంటే చదువు ఆగిపోతుందా?

ఆగనవసరం లేదు. యూజీసీ నిబంధనలు మహిళా స్కాలర్లకు మొత్తంమీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గరిష్ఠ కాలంలో రెండేళ్ల సడలింపు ఇస్తున్నాయి. గర్భం తెలియగానే గైడ్‌కు, సేఫ్టీ అధికారికి చెప్పి ఎక్స్‌రే, సీసం, బేరియం, ద్రావకాల పని ఇంకొకరికి మార్పించుకోండి. ఆ నెలల్లో డేటా విశ్లేషణ, రాత పెట్టుకోవచ్చు. ఇది అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

## పీహెచ్‌డీ తర్వాత

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) తప్పనిసరా?

ఐఐటీ, ఐసర్‌లలో ఫ్యాకల్టీ కావాలంటే ఆచరణలో తప్పనిసరే, రెండు నుంచి ఐదేళ్లు. హంబోల్ట్, మేరీ క్యూరీ, జపాన్ జేఎస్‌పీఎస్, మన దేశంలో నేషనల్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఉన్నాయి. పీహెచ్‌డీలో చేసిన కొలతనే మళ్లీ చేసే చోటికి వెళ్లకండి. శాంపిళ్లు చేసేవారైతే స్పెక్ట్రోస్కోపీ, కొలిచేవారైతే థిన్ ఫిల్మ్ తయారీ నేర్చుకోండి. తిరిగివచ్చేవారికి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్లు ఉంటుంది. నెలకు 1,25,000 రూపాయలు, పరిశోధనకు ఏడాదికి 7 లక్షలు. వయోపరిమితి ఉంది, దాన్ని లెక్కలో పెట్టుకునే పోస్ట్‌డాక్ కాలాన్ని నిర్ణయించుకోండి.

పోస్ట్‌డాక్ వద్దు. ప్రభుత్వ ఉద్యోగం దొరుకుతుందా?

బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఎంఎస్సీ తర్వాతే తీసుకుంటుంది, పీహెచ్‌డీ దాకా ఆగితే వయసు దాటవచ్చు. డీఆర్‌డీవో సైంటిస్ట్ బి పోస్టులకు గేట్ స్కోరు కావాలి. రెండింటిలోనూ మూలవేతనం 56,100తో మొదలు. డిగ్రీ కాలేజీ అధ్యాపక పోస్టులకు నెట్, లేదా ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్, ఉస్మానియా నిర్వహించే తెలంగాణ సెట్ పనికొస్తాయి. నోటిఫికేషన్లకు మధ్య ఏళ్లు గడుస్తాయి, వాటి కోసం ఖాళీగా కూర్చోకండి.

హైదరాబాద్‌లో ఇన్ని చిప్ కంపెనీలున్నాయి కదా, మాకు ఉద్యోగాలు రావా?

హైదరాబాద్‌లో ఉన్నవి ఎక్కువగా చిప్ డిజైన్ కంపెనీలు. వారికి కావలసింది ఎలక్ట్రానిక్స్ వాళ్లు. ఫిజిసిస్ట్ అవసరం పడేది చిప్ తయారయ్యే చోట, అంటే లితోగ్రఫీ (చిప్ మీద నమూనాలు ముద్రించడం), పలుచని పూతలు, లోపాల విశ్లేషణ, యీల్డ్ (పనికొచ్చే చిప్‌ల శాతం) పెంచే పనుల్లో. 2021 డిసెంబరులో 76,000 కోట్లతో మొదలైన సెమీకండక్టర్ పథకం కింద గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, ధోలేరాలో టాటా యూనిట్లకు ఆమోదం దక్కింది. మొహాలీలో ప్రభుత్వ చిప్ తయారీ సంస్థ ఎస్‌సీఎల్ ఎప్పటినుంచో ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు, ఎక్స్‌రే యంత్రాలు, వాక్యూమ్ పరికరాలు అమ్మే కంపెనీలకు అప్లికేషన్ సైంటిస్టులు కావాలి, ఈ దారి మనవాళ్లు తక్కువగా చూస్తారు.

రెజ్యూమెలో థీసిస్ శీర్షిక కింద పెట్టండి, పైన చేతి పని రాయండి. పలుచని పొరలు వేసే స్పట్టరింగ్ యంత్రం మీద ఎన్ని గంటలు, ఎంత మందం పొరలు ఎంత శాతం తేడాతో వేయగలరు, క్లీన్‌రూమ్ శిక్షణ ఉందా, పంపులో లీకు ఎలా పట్టుకుంటారు? ఇంటర్వ్యూలో అడిగేది అదే.

మధ్యలో మానేయాలనిపిస్తోంది. అప్పటిదాకా చేసినది వృథానా?

కాదు. ముందు గైడ్ మారడానికి డాక్టోరల్ కమిటీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టే వీలుంది, చాలామందికి ఆ సంగతి తెలియదు. మానేయడమే ఖాయమైతే ఫెలోషిప్ నిబంధనల్లో తిరిగి కట్టాల్సిన మొత్తం ఏదైనా ఉందేమో చదవండి, నో డ్యూస్ సర్టిఫికెట్, అనుభవ పత్రం తీసుకోండి. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో ఉన్నవారికి చాలా సంస్థలు మాస్టర్స్ డిగ్రీతో బయటికి వెళ్లనిస్తాయి. డేటా కాపీని, నోట్‌బుక్‌ను ల్యాబ్‌లో అప్పగించి, మీ పేరు రావాల్సిన పేపర్ల జాబితాను గైడ్‌కు మెయిల్‌లో పంపి ఉంచుకోండి.